ఆగస్టులో హొనొలులు: ఎండ 31 డిగ్రీలున్నా ఉక్కపోత ఎందుకు తక్కువ?

హవాయిలోని హొనొలులు వాతావరణ సూచనలో వారమంతా ‘ఎండ, గాలి, 31 డిగ్రీలు’ అని చూసి, అక్కడ కూడా విశాఖలోలాగే ఉక్కపోస్తుందా అని ఒకరు అడిగారు. మామూలుగా అంత ఉండదు. కారణం ఈశాన్య వ్యాపార పవనాలు, అంటే ఈశాన్యం నుంచి నిలకడగా వీచే గాలులు. వేసవిలో హవాయికి ఈశాన్యాన పసిఫిక్ మీద అధికపీడనం బలపడుతుంది. అక్కడి నుంచి చల్లటి సముద్రం మీదుగా వచ్చే గాలి పట్టిన చెమటను పట్టినట్టే ఆరబెడుతుంది. గాలి పడిపోయిన రోజున మాత్రం అచ్చం మన కోస్తానే!

ఈ గాలి హొనొలులుకు ఈశాన్యాన ఉన్న కోఓలౌ కొండలెక్కుతూ, కొండలకు అవతలున్న కానియోహే ఊరి వైపు జల్లులు కురిపిస్తుంది. కొండ దిగేసరికి పొడిబారిపోతుంది కాబట్టి ఇవతల హొనొలులులోని వైకికీ బీచ్‌లో ఆకాశం తేటగా ఉంటుంది. ఒకే పూట అటు వానలో తడిసి ఇటు ఎండలో ఆరొచ్చు.

ఒళ్లు చల్లగా ఉంది కదా అని ఎండను తేలిగ్గా తీసుకోకండి. ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచీ మధ్యాహ్నం 11 దాటుతుంది, అంటే అతి తీవ్రం; చర్మం కమిలేదాకా తెలియదు. సన్‌స్క్రీన్ ఇక్కడే కొనుక్కెళ్తే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు లేనిది చూడండి. పగడపు దిబ్బలకు చేటని 2021 నుంచి అక్కడ అవి ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకం నిషేధం.

గాలి మరీ జోరైతే ఎండుగడ్డి ఉన్న పడమటి వాలుల్లో కార్చిచ్చు భయం. 2023 ఆగస్టులో మావి దీవిలోని లహైనా అలాగే కాలి, దాదాపు వందమంది చనిపోయారు. కార్చిచ్చు ముప్పుందని వాతావరణ శాఖ ఇచ్చే రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక వస్తే అటువైపు వెళ్లే కార్యక్రమం మానుకోండి.