ఇల్లటం వచ్చినవారి వంశం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర ఒక పల్లె. మనవడి కోసం వంశవృక్షం రాద్దామని పాత ట్రంకుపెట్టె తీస్తే ఒక దస్తావేజు దొరికింది. మేము తరతరాలుగా సాగుచేస్తున్న చేను అందులో వేరే ఇంటిపేరున్న పెద్దమనిషిది. ఆయన దాన్ని అల్లుడికి రాసిచ్చారు. ఆ అల్లుడే మా ముత్తాత తండ్రి. పైగా మా ఊరు బళ్ళారి జిల్లా అని ఉంది. ‘ఇది బయటపెడితే పరాయి ఆస్తి తిన్నామంటారు, రాయవద్దు’ అని మా తమ్ముడు పట్టుబడుతున్నాడు. మా అసలు వంశం ఏది?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. మా తాతగారు కూడా జమ్మలమడుగు వైపు ఒక పల్లెకు ఇల్లటం వచ్చినవారే. మగపిల్లలు లేని ఇంట్లో కూతురినిచ్చి, అల్లుడిని ఇంట్లోనే ఉంచుకుని, అతని కష్టానికి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు ఇవ్వడం సీమ రైతు కుటుంబాల్లో పాత ఆచారం. బ్రిటిషు కాలంలో మద్రాసు హైకోర్టు కూడా అది చెల్లుతుందని ఒప్పుకుంది. రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టిన చేను పరాయిది ఎలా అవుతుంది? ఆ మాట ఎవరన్నా నాకు మనసు కష్టపడుతుంది.

బళ్ళారి సంగతి తేలికే. అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపోయింది 1882లో. మీ కాగితం అంతకు ముందుది అయి ఉండాలి.

ఇక వంశం. దత్తత వెళ్ళినవాడు పుట్టింటి గోత్రం వదులుకుంటాడు. ఇల్లటం వచ్చినవాడు ఇంటిపేరు, గోత్రం వెంట తెచ్చుకుంటాడు, పుట్టింటి ఆస్తిలో వాటా కూడా పోదు. అందువల్ల చేను వెంట పైకి వెళితే మీరు చేరేది మీ ముత్తాత తల్లి పుట్టింటికి. తండ్రి వైపు తరాలు కావాలంటే ఆ అల్లుడు ఏ ఊరి నుంచి వచ్చారో తెలియాలి. దస్తావేజులో ఆయన తండ్రి పేరు, స్వగ్రామం రాశారేమో చూడండి.

లేకపోతే మనుషుల్ని అడగాలి. మా తాతగారి పుట్టిన ఊరు నాకు మైల వల్ల తెలిసింది. చిన్నప్పుడు ముద్దనూరు అవతల ఎవరో పోయారని కబురు వస్తే నాన్న తలస్నానం చేసి మైల పట్టేవారు. ఎవరని అడిగితే ‘దాయాదులు’ అని ఊరుకునేవారు. చాలా ఏళ్ళకు ఆ ఊరు వెతుక్కుంటూ వెళితే మా ఇంటిపేరుతో అయిదిళ్ళు కనిపించాయి. ఒక ముసలాయన నా ముఖం చూసి మా తాతగారి పేరు అడిగారు. మీ పెద్దలనూ అడగండి: ఎవరు పోతే మైల పట్టేవారు? ఏ ఊరివారితో అన్నదమ్ముల వరస అని పెళ్ళి సంబంధం వద్దనేవారు? పుట్టువెంట్రుకలు ఏ దేవుడి దగ్గర తీయించేవారు?

తాత పేరు మనవడికి పెడతాం కనుక ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. ఓబులేసు అని కనబడగానే కలిపేయకండి. తండ్రి పేరు కూడా సరిపోవాలి.

చేను ఇచ్చిన పెద్దమనిషి వంశాన్నీ అదే కాగితం మీద రాయండి. పితృకార్యంలో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి తండ్రి వైపు మూడు తరాలకూ పిండం పెట్టే పద్ధతి ఉంది. ఆ ఇంటినీ మీ ఇంటినీ కలిపింది ఆయన కూతురు. ఆవిడ పేరు దస్తావేజులో ఉందో లేదో మీరు రాయలేదు. చూసి తెలపండి.