కొత్త జెడ్5లో చంద్రగిరి ఫొటోలు చిన్నవిగా వస్తుంటే

కొత్త కెమెరాతో తీసిన చంద్రగిరి కోట ఫొటోలు పాతవాటి కంటే చిన్నవిగా ఎందుకు వస్తున్నాయని అడిగారు. తేడా కెమెరాలో లేదు, లెన్సులో ఉంది. నికాన్ డీ5600 నుంచి జెడ్5కు మారి, పాత 18-55 లెన్సునే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (పాత నికాన్ లెన్సులను జెడ్ కెమెరాలకు కలిపే భాగం) తగిలించానన్నారు. అది చిన్న సెన్సార్ (కెమెరాలో బొమ్మను పట్టే భాగం) కోసం చేసిన డీఎక్స్ లెన్సు; జెడ్5 సెన్సార్ అంతకంటే పెద్దది. దాన్ని గుర్తించగానే జెడ్5 సెన్సార్ మధ్యభాగాన్ని మాత్రమే వాడుతుంది. అందుకే 24 మెగాపిక్సెళ్లు రావలసిన రాజమహల్ ఫొటో సుమారు 10కి పడిపోయి, పెద్ద ప్రింటులో పాత కెమెరా ఫొటో కంటే పలుచగా కనిపించింది. ఆ లెన్సు ఉన్నంతసేపు మెనూలో ఎంత వెతికినా ఇది మారదు.

1. డీఎక్స్ లెన్సును పక్కన పెట్టండి.

2. మహల్ మొత్తం ఫ్రేములోకి రావాలంటే జెడ్5 పెద్ద సెన్సార్‌కు సరిపడే జెడ్ 24-50 లెన్సు చాలు.

3. వాడిన లెన్సు కొంటే, చాలామంది చూడనిది ఒక్క అక్షరం. ఉదాహరణకు, నికాన్ పాత 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సులో డీ రకం, జీ రకం ఉన్నాయి. డీ లెన్సులో ఫోకస్ మోటారు లేదు, ఆ అడాప్టర్‌లోనూ లేదు, కాబట్టి ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి. చవక కదా అని నేను డీ కొన్నాను. తలకోన జలపాతం ముందు కోతిని తీయబోయి ఫోకస్ రింగు తిప్పుకుంటూ నిలబడ్డాను, కోతి మాత్రం ఆగలేదు. జీ అనే అడగండి.

4. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే మీ కెమెరాకు తగిలించి ఒక ఫొటో తీయండి. సైజు 6016 × 4016 చూపిస్తే సరిపోయినట్లే. 3936 × 2624 అని వస్తే అదీ డీఎక్సే, లేదా మెనూలో ఇమేజ్ ఏరియా (సెన్సార్‌లో ఎంత భాగం వాడాలో చెప్పే సెట్టింగు) డీఎక్స్‌లో ఉండిపోయింది.