మగగొంతులో ‘ఖా’: అమ్మమ్మతో కలిసి చూసిన థాయ్ సీరియల్

మీరడిగింది ఇదీ: శరీరాలు తారుమారయ్యే థాయ్ రొమాంటిక్ కామెడీ ఒకటి చూద్దామనుకుంటున్నారు, భాష రాదు. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూస్తే అందులోని సరదా అందుతుందా? ఇంట్లో పెద్దవాళ్ళ ముందు పెట్టొచ్చా?

నేను చూసింది ‘క్యూపిడ్స్ లాస్ట్ విష్’. జీఎంఎంటీవీ అనే థాయ్ నిర్మాణ సంస్థ వాళ్ళది, 2022లో అక్కడి జీఎంఎం 25 ఛానెల్లో వచ్చింది. నేను మరుసటి ఏడాది యూట్యూబ్‌లో చూశాను. ఒక్కదాన్నే చూడలేదు, పక్కన మా అమ్మమ్మ ఉంది. కాబట్టి మీ రెండో ప్రశ్నకి నా దగ్గర కాస్త అనుభవమే ఉంది.

అమ్మమ్మ కంటి శుక్లాల ఆపరేషన్ కోసం తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో దిగింది. నల్ల కళ్ళద్దాలు, గంటగంటకీ చుక్కల మందు, టీవీ ఎక్కువగా చూడొద్దన్న డాక్టరు మాట. చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదుగా అంది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తను దివాన్ మీద పడుకుని, ‘ఏమంటున్నాడే, ఏమంటున్నాడే’ అని అడిగేది. అలా నేను సబ్‌టైటిల్స్ చదివి అప్పటికప్పుడు తెలుగులో చెప్పే మనిషినయ్యాను.

కథ క్లుప్తంగా చెప్తాను. విన్, కోర్న్ చిన్నప్పటి స్నేహితులు, ఇప్పుడు ఒకరంటే ఒకరికి పడదు. కారణం, విన్ తండ్రి పోతూ పోతూ వీలునామాలో కోర్న్‌కి కూడా వాటా రాయడం. ఈ గొడవలో ఉండగా కోర్న్, విన్ చెల్లెలు లిన్ కారు ప్రమాదంలో పడతారు. తేరుకునేసరికి కోర్న్ ఒంట్లో లిన్ ఉంటుంది. ఎవరి ప్రాణం వాళ్ళ ఒంట్లోకి చేరాలంటే పుణ్యస్థలాలు తిరిగి పవిత్ర జలం తేవాలి. అంటే విన్, తనకి పడని మనిషి ఒంటిని వెంటబెట్టుకుని, లోపలున్నది చెల్లెలు కదా అని సర్దిచెప్పుకుంటూ ఊళ్ళు తిరగాలి. ఆ తర్వాతి మలుపులు చెప్పను.

థాయ్‌లో దీని పేరు ‘ఫినైకమ్ కామథేప్’. ఫినైకమ్ అంటే వీలునామా, కామథేప్ అంటే మన కామదేవుడే. ఇది చెప్పగానే అమ్మమ్మ లేచి కూర్చుంది. ప్రేమకథ అన్నప్పుడు పడుకునే వినింది, వీలునామా అనేసరికి దిండు గోడకి ఆనించింది. మా తాతయ్యవాళ్ళ అన్నదమ్ముల పొలం తగాదా పాతికేళ్ళు నడిచింది లెండి.

నేను టెన్షన్ పడింది ప్రాణాలు మారిపోవడం ఆవిడకి ఎలా చెప్పాలా అని. తీరా చూస్తే దానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ‘పరకాయ ప్రవేశం. శంకరాచార్యులు అమరుక రాజు ఒంట్లోకి వెళ్ళలా?’ అనేసింది. అక్కడి మాటలు కూడా మనకి చుట్టాలే. ఆత్మని వాళ్ళు ‘విన్యాన్’ అంటారు. ‘విజ్ఞానం’ అన్న మాటకి పాళీలో ఉన్న రూపమే అక్కడికి వెళ్ళి ఆత్మ అయి కూర్చుంది. గుడిలో చల్లే నీళ్ళు ‘నామ్ మోన్’. నామ్ అంటే నీళ్ళు, మోన్ అంటే మంత్రం. ఇది కాక ‘ఖ్వాన్’ అని ఇంకోటుంది, ఒంటిని అంటిపెట్టుకునుండే ప్రాణశక్తి లాంటిది. ఒంట్లో 32 ఖ్వాన్లు ఉంటాయని, మనిషి దడుచుకుంటే అవి చెదిరి బయటికి పోతాయని, వాటిని మళ్ళీ పిలిచి మణికట్టుకి తెల్లదారం కట్టాలని పాత నమ్మకం. ‘మనం తాయెత్తు కట్టమూ?’ అంది అమ్మమ్మ. అక్కడి ప్రేక్షకులకి దెబ్బ తగిలినప్పుడు ప్రాణం ఒళ్ళు మారడమన్నది మరీ వింత ఊహేం కాదు. దానికి నవ్వరు, దానివల్ల వచ్చే ఇబ్బందులకి నవ్వుతారు.

అసలు ఇబ్బంది భాష దగ్గర వచ్చింది. మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది.

థాయ్‌లో మర్యాదగా మాట్లాడితే మగవాళ్ళు వాక్యం చివర ‘ఖ్రప్’ అంటారు, ఆడవాళ్ళు ‘ఖా’ అంటారు. ‘నేను’ అనడానికి కూడా మగవాళ్ళ మాట ‘ఫొమ్’, ఆడవాళ్ళ మాటలు వేరే. ఇది కనిపెట్టింది నేను కాదు, కళ్ళద్దాలు పెట్టుకుని పడుకున్న అమ్మమ్మ. మొదటి భాగం అయ్యేసరికి, ‘ఆడోళ్ళంతా ఖా అంటన్నారు, మగోళ్ళు ఖప్ అంటన్నారు, ఏందే అది?’ అని అడిగింది. నేను అక్షరాలు చదువుతూ చెవులు మూసుకున్నాను, ఆవిడకి చెవులే దిక్కు. లిన్ వెళ్ళి కోర్న్ ఒంట్లో పడ్డాక ఇక ఆ గొంతు వాక్యం చివర ఏమంటుందా అని చెవులు రిక్కించేది. ఇంగ్లీష్‌లో ‘ఐ’ ఎవరన్నా ‘ఐ’నే కదా, సబ్‌టైటిల్లో దీని జాడే ఉండదు. నవ్వు సగం ఆ చివరి అక్షరంలోనే ఉంది.

తమాషా ఏమిటంటే, ఇంకొకరి గురించి చెప్పేటప్పుడు థాయ్‌లో ఆడామగా తేడా అక్కర్లేదు. ‘ఖావ్’ అంటే అతను, ఆమె రెండూనూ. ‘ఫీ’ అంటే అన్నయినా అక్కయినా, ‘నాంగ్’ అంటే తమ్ముడైనా చెల్లయినా. మన తెలుగు దీనికి సరిగ్గా తలకిందులు. ‘నేనొచ్చాను’ అంటే ఎవరొచ్చారో తెలీదు, తెలుగమ్మాయి మగ ఒంట్లో పడ్డా తన గురించి తను ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, వ్యాకరణం పట్టివ్వదు. కానీ పక్కవాళ్ళు ఆమె గురించి నోరు తెరవాలంటే వచ్చాడో వచ్చిందో తేల్చుకోవాల్సిందే. హిందీ సంగతి వేరు, అక్కడ తన గురించి చెప్పుకోవాలన్నా ‘ఆతా’నో ‘ఆతీ’నో తేలాలి. ఆ లెక్కన మనవాళ్ళు హిందీ మాట్లాడినప్పుడల్లా శరీరాలు మారుతూనే ఉంటారు.

అలా నేను ఇరుక్కున్నాను. ‘లోపలికొచ్చాడు’ అంటే, ‘ఎవరు, ఆ పిల్ల కాదూ?’ అనేది అమ్మమ్మ. ‘వచ్చింది’ అంటే, ‘చెల్లెలికి మెలకువొచ్చిందా?’ అనేది. గొడవెందుకని ‘కోర్న్ గారు వచ్చారు’ అన్నాను. ‘ఆస్తి కాజేసినోడికి గారేందే!’ అని కసిరింది. సబ్‌టైటిల్స్ రాసినవాళ్ళూ ‘హీ’, ‘షీ’ల మధ్య ఇలాగే నలిగి ఉంటారు. థాయ్ రచయితకి లేని చిక్కు అది, పాపం తర్జుమా చేసేవాళ్ళకి మాత్రమే.

బేతాళుడు అడిగిన ప్రశ్నొకటి ఉంది కదా, భర్త తల, ఇంకొకడి తల తారుమారు చేసి అతికిస్తే ఆమెకి మొగుడెవరు అని. తల ఎవరిదైతే వాడే అన్నాడు విక్రమార్కుడు. అమ్మమ్మ ఆ తీర్పు ఇక్కడ వాడబోయింది. కానీ తలా మొండెమూ రెండూ కోర్న్‌వే కాబట్టి కుదరలేదు. చివరికి మూడో భాగంలో రాజీకొచ్చాం: నడిస్తే, తింటే, కారెక్కితే ‘వాడు’, ఏడిస్తే, అలిగితే ‘పిల్ల’. మగవాళ్ళు ఏడవరా అంటే, ‘ఏడుస్తారు, కానీ ఈ కథలో నాకు గుర్తు కావాలిగా’ అంది.

నటన గురించి ఒక మాట. కోర్న్‌గా చేసింది ఎర్త్, విన్‌గా చేసింది మిక్స్. వీళ్ళిద్దరే 2021లో ‘ఎ టేల్ ఆఫ్ థౌజండ్ స్టార్స్’లో చేశారు. అందులో ఎర్త్ కొండల్లో పనిచేసే అటవీ అధికారి, మాట పొదుపు, నవ్వు ఇంకా పొదుపు. వీలైతే ముందు అది చూడండి. ఆ నిటారు మనిషి భుజాలు ఇక్కడ ఆడపిల్ల సిగ్గుతో ముడుచుకోవడం అప్పుడు రెండింతలు నవ్విస్తుంది. కాకపోతే కొన్నిచోట్ల అతి చేశాడు, ఆడపిల్ల అంటే మెలికలు తిరగడమే అన్నట్టు. నాకు చిరాకేసింది. లిన్‌గా వేసిన జాన్ మామూలుగా నడిచినప్పుడు అన్ని మెలికలు లేవు మరి. మధ్య భాగాల్లో ప్రయాణం సాగదీశారు, కొన్నిచోట్ల పర్యాటక శాఖ ప్రకటనలా ఉంటుంది.

ఇక పెద్దవాళ్ళ సంగతి. ఇది ఇద్దరబ్బాయిల ప్రేమకథ, అక్కడ వీటిని ‘సిరీస్ వై’ అంటారు. ఈ సంగతి అమ్మమ్మకి చెప్పకుండా రెండు రోజులు నెట్టుకొచ్చాను. విన్ మాటల్ని కాస్త స్నేహం వైపు మళ్ళించి చెప్పేదాన్ని. మూడో రోజు చుక్కల మందు వేయించుకుంటూ, ‘నువ్వు మధ్యలో మాటలు మింగుతున్నావు. ఆ పిల్లాడికి వాడంటే ఇష్టం. గొంతులో తెలుస్తా ఉంటే నువ్వు దాస్తావేందే’ అంది. మీ ఇంట్లోవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను. మా ఇంట్లో అమ్మ మాత్రం వంటింట్లోంచి రాలేదు.

మీకు నా సలహా: మొదటి భాగాన్ని ఒకసారి పని చేసుకుంటూ ఊరికే వినండి. ఖా, ఖ్రప్ చెవికి పట్టాక సబ్‌టైటిల్స్‌తో చూడండి.

2025 జనవరి 23న థాయ్‌లాండ్‌లో స్వలింగ వివాహాల చట్టం అమల్లోకి వచ్చినప్పుడు వార్త చదివి తెనాలికి ఫోన్ చేశాను, మన విన్, కోర్న్ లాంటివాళ్ళు ఇప్పుడు పెళ్ళి చేసుకోవచ్చట అమ్మమ్మా అని. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘మంచిదే, ఆ వాటా ఇక బయటికి పోదు’ అంది.