కారం డబ్బా మీద బ్రాహ్మి అక్షరాలు: అమ్మాయి ఇంజినీరింగ్ వద్దంటోంది

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, ఎంపీసీ. మార్కులు బాగా వస్తాయని సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంది. దసరా సెలవుల్లో వాళ్ల మేనత్త ఎర్రగుడి తీసుకెళ్లి అశోకుడి శాసనాలు చూపించింది. అప్పట్నుంచీ ఆ పాత లిపి నేర్చుకుంటోంది. వంటింట్లో కారం డబ్బా, ఉప్పు డబ్బా మీద కూడా అవే రాతలు. ఇప్పుడేమో ఇంజినీరింగ్ వద్దు, ప్రాచీన భాషలు చదువుతానంటోంది. వాళ్ల నాన్న తనతో మాట్లాడటం మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ కారం డబ్బా ఒకసారి చేతిలోకి తీసుకోండి. కూడిక గుర్తులా ఉన్నది ‘క’. దాని తల దగ్గర కుడివైపుకి చిన్న గీత ఉంటే ‘కా’. తర్వాతి నిలువు గీత ‘ర’. పక్కనున్న చుక్కే సున్న. అంతే, మీరూ చదివేశారు! 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ బ్రాహ్మి లిపి గుట్టు విప్పేదాకా కొన్ని వందల ఏళ్లపాటు మన దేశంలో దీన్ని చదవగలిగినవాళ్లే లేరు. మీ అమ్మాయి ఎవరూ పరీక్ష పెట్టకుండానే, మార్కులు వేయకుండానే నేర్చుకుంది. నా దగ్గరికొచ్చే ఇంటర్ పిల్లల్ని ‘నీకేం ఇష్టం’ అనడిగితే చాలామంది అమ్మానాన్నల మొహం చూస్తారు. అందుకే మీ ఉత్తరం చదివి నాకు దిగులు కలగలేదు, సంతోషం వేసింది.

అక్కడ తనకి ఏం దొరికి ఉంటుందో చెప్తాను. ఎర్రగుడి బండల మీది భాష ప్రాకృతం, అంటే ఆనాటి జనం మాట్లాడుకున్న భాష. సంస్కృతంలో ‘దేవానాంప్రియ’ అన్నది అక్కడ ‘దేవానంపియ’. ధర్మం అక్కడ ‘ధంమ’. మనమంతా పదో తరగతిలో ప్రకృతి, వికృతి అని జంటలు బట్టీ పట్టాం కదా: ధర్మం–దమ్మం, అగ్ని–అగ్గి. ఆ వికృతుల్లో చాలావరకు ప్రాకృతం మీదుగా మన నోటికి వచ్చినవే. రోజూ అగ్గిపెట్టె గీస్తూ మనం పలికేది ఆ మాటే. నాకూ ఇంటర్‌లో సంస్కృతంలో మంచి మార్కులే వచ్చాయి, కానీ ఈ సంగతి తెలిసింది ముప్పై దాటాక. పదిహేడేళ్లప్పుడు ఎవరైనా ఒక బండ దగ్గర నిలబెట్టి చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్ల మేనత్తకి నా నమస్కారాలు చెప్పండి.

అయితే లిపి వేరు, భాష వేరు. అక్షరాల సరదా నెలరోజుల్లో తీరిపోవచ్చు. ఆ తర్వాత ఉండేది వ్యాకరణం. చేతిలో ఎలాగూ సంస్కృతం పుస్తకం ఉంది. రోజూ అరగంట, గైడు పక్కన పెట్టి, ఒక్కో శ్లోకాన్ని పదాలుగా విడదీసి తనే అర్థం రాసుకోమనండి. సంస్కృత నామపదాల రూపాలన్నీ వరసగా ఉండే శబ్దమంజరి పుస్తకం మొదలుపెట్టమనండి. రామః రామౌ రామాః దాటి పదో శబ్దం దగ్గర కూడా కళ్లల్లో ఆ మెరుపు ఉంటే, ఇది తాత్కాలికం కాదు. ఈలోగా ఇంటర్ పూర్తి చేయాల్సిందే, ఈఏపీసెట్ రాయాల్సిందే. ఆ రెండింటి మీదా బేరం వద్దు.

ఇక వాళ్ల నాన్నగారి భయం. అది అర్థంలేనిది కాదు. ఈ దారిలో డిగ్రీ అవగానే ఉద్యోగం రాదు. ఎంఏ చేయాలి, లెక్చరర్ అర్హతకీ పరిశోధనకీ పెట్టే నెట్ పరీక్ష రాయాలి. అందులో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేస్తూ నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, రాకపోతే ఇంట్లోవాళ్లు కొన్నేళ్లు ఆసరాగా నిలబడాలి. ఎక్కువ కొలువులు బోధనలోనే: జూనియర్ లెక్చరర్లు, కేంద్రీయ విద్యాలయాల సంస్కృతం టీచర్లు, యూనివర్సిటీలు. శాసనాలు చదివే పనికైతే పురావస్తు శాఖకి మైసూరులో ప్రత్యేక విభాగం ఉంది, కానీ పోస్టులు చాలా తక్కువ. తాళపత్రాల పని మాత్రం తరాలు చేసినా తరగనంత ఉంది. దేశంలోని కోటికి పైగా రాతప్రతుల్ని సర్వే చేసి భద్రపరచడానికి 2025 బడ్జెట్లో జ్ఞానభారతం మిషన్ ప్రకటించారు.

ఎక్కడ చదవాలంటే, మీకు దగ్గర్లో తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ శాస్త్రి అంటే డిగ్రీ, ఆచార్య అంటే పీజీ. మామూలు బీఏలో చరిత్ర, సంస్కృతం తీసుకుని తర్వాత పుణె డెక్కన్ కాలేజీలో పురావస్తు శాస్త్రానికి వెళ్లినా మంచిదే. ఎంపీసీ పిల్ల కాబట్టి నాకు ఇంకో దారి ఎక్కువ నచ్చుతోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్, కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ ఎంఎస్ కలిపి ఐదేళ్ల కోర్సు ఉంది. సీటు రావడం కష్టమే. వస్తే మాత్రం భాష ఎలా పనిచేస్తుందో, దాన్ని యంత్రానికి ఎలా నేర్పాలో ఒకేచోట నేర్చుకోవచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సంస్కృత విభాగంలోనూ కంప్యూటర్‌తో సంస్కృత విశ్లేషణ మీద గట్టి పని జరుగుతోంది. ఇంజినీరింగ్ చదివితే ఈ ఇష్టాన్ని వదిలేయాలని ఎక్కడా లేదని తనకీ చెప్పండి, వాళ్ల నాన్నకీ చెప్పండి.

ఆయన్ని ఒక ఆదివారం ఎర్రగుడి తీసుకెళ్లమనండి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో జొన్నగిరి దగ్గరే. పెద్ద మాటలేం అక్కర్లేదు. ఒక్క పంక్తి చదివి చూపించమని అమ్మాయినే అడగమనండి. కొన్ని పంక్తులు అక్కడ కుడి నుంచి ఎడమకి కూడా చెక్కారు, తను ఎక్కడ తడబడుతుందో, తడబడ్డాక ఏం చేస్తుందో ఆయన కళ్లతో చూడనివ్వండి.

మీరేమో ఈ రాత్రే ఇంకొకటి అడగండి. అశోకుడి కాలపు బ్రాహ్మిలో ద్విత్వాక్షరాలు రాసేవాళ్లు కాదు. మరి ఉప్పు డబ్బా మీద ‘ప్పు’ ఎలా రాశావమ్మా, ఎందుకలా రాశావు అనండి. తను ఏం చెప్పిందో నాకు రాయండి.