డ్రమ్ముల ఫైలు గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి డ్రమ్ములు వేసే పార్టీ మీ మేనేజరు బావమరిదేనని కదా నీ అనుమానం. చిత్తూరంత ఊళ్ళో చుట్టరికం లేని వ్యాపారం దొరకదు నాయనా. చుట్టం సరుకు వేస్తే తప్పు కాదు. ఆ మాట దాచిపెట్టి, రేటు ఖాయం చేసే కుర్చీలో తానే కూర్చుంటే తప్పు.

బిల్లు మీది జీఎస్టీ నంబరు జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడు. అందులో మొదటి అంకెలు కూడా కలిపి లెక్కిస్తే ఆరోది పి అయితే ఒక్క మనిషి పేరు మీదున్న వ్యాపారం, అసలు పేరు అక్కడే కనిపిస్తుంది. ఎఫ్ అయితే భాగస్వామ్యం, సి అయితే కంపెనీ. రిజిస్ట్రేషన్ తేదీ కూడా చూడు. మొదటి ఆర్డరుకు నెల ముందు పుట్టిన వ్యాపారమైతే ఆలోచించాల్సిందే.

తర్వాత ఆ డ్రమ్ముల ఫైల్లో ఉన్న మూడు పార్టీల కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని చదువు. గుట్టు బయటపెట్టే గుర్తులు ఇవీ. లెటర్‌హెడ్లు మూడు రకాలు, కానీ ఒకే మాటలో ఒకే స్పెల్లింగు తప్పు. ఒకే రోజు తేదీ. ఓడిన ఇద్దరి రేట్లూ గెలిచినవాడి కంటే డ్రమ్ముకు సరిగ్గా 20, 40 రూపాయలు ఎక్కువ. 215 కిలోల గుజ్జు పట్టే డ్రమ్ముకు రేకు మందం ఒకడు రాసి ఇంకొకడు రాయలేదంటే ఆ రేట్లు పోల్చడానికే పనికిరావు. జూన్, జూలైల్లో తోతాపురి లారీలు గేటు బయట బారు తీరినప్పుడు అర్జెంటని ఒక్క కొటేషన్‌తో కొంటారు, దాన్ని పట్టుకోకు. ప్రతి ఏడూ అర్జెంటే అయితే మాత్రం రాసిపెట్టుకో.

ఫైళ్ళు నీ సొంత మెయిల్‌కు పంపుకోకు, తప్పు నీ మీదికి తిరుగుతుంది. పీఓ (కొనుగోలు ఆర్డరు) నంబరు, తేదీ, చూసిందేమిటో నోటుపుస్తకంలో ఉంటే చాలు. రేట్లు పక్కపక్కన పోల్చి రాసే కంపారిటివ్ స్టేట్‌మెంట్ మీద సంతకం అడిగితే మొండికేయకు. "కొటేషన్లు మేనేజరుగారి ద్వారా అందినవి" అని పక్కన రాసి, తేదీ వేసి పెట్టు. పాత తేదీ వేయమంటే వేయకు.

చుట్టరికం ఒక్కటే తేలితే మేనేజరునే అడుగు: "సార్, పార్టీ మనవాళ్ళేనంటున్నారు, చుట్టరికం ఉందని డిక్లరేషన్ ఫైల్లో పెడదామా?" కొటేషన్లే దొంగవైతే ఆయన దగ్గర నోరెత్తకు, కాగితాలు మాయమవుతాయి. నేరుగా ఇంటర్నల్ ఆడిట్‌కు పో. బ్యాంకుల దగ్గర 50 కోట్లకు మించి అప్పున్న కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ కింద ఫిర్యాదుకు దారి, చేసినవాడికి రక్షణ ఉండి తీరాలి. ఆ వివరాలు కంపెనీ వెబ్‌సైట్లో వెతుక్కో, హెచ్ఆర్‌ను అడిగి వాసన పుట్టించకు.

ఫిర్యాదు అరపేజీ. "దోచుకుంటున్నాడు" లాంటి మాట ఒక్కటీ రాకూడదు, నంబర్లూ తేదీలే ఉండాలి. ఆకాశరామన్న ఉత్తరం వద్దు. తిరిగి ఒక ప్రశ్న అడుగుదామంటే వాళ్ళకు మనిషి దొరకడు, రాసింది నువ్వేనని మాత్రం సాయంత్రానికల్లా క్యాంటీన్లో తెలిసిపోతుంది. మెయిల్ అందిందని జవాబు వచ్చేదాకా వదలకు.

మీ అమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పకు. ఆ బావమరిది వాళ్ళది మీ పక్క వీధే.