గ్రౌండ్ ఎవరి పేరున ఉందో ముందు కనుక్కో, తమ్ముడూ

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. చదువుకోడానికి ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ వెళ్ళి ఏడాది కూడా తిరక్కుండానే ఆ ఊరి రగ్బీ లీగ్ క్లబ్ బుల్స్ గురించి తెలుగులో పన్నెండు పేజీలు రాశావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. క్రికెట్ కాకుండా ఇంకో ఆట గురించి, అందులోనూ ఆ ఆట వెనకున్న లెక్కల గురించి రాసేవాళ్ళు మనలో తక్కువ. కానీ మొదటి వాక్యంలోనే "క్లబ్బులు అభిమానుల చేతుల్లో ఉండాలి, కోటీశ్వరుల చేతుల్లో కాదు" అని తీర్పు చెప్పేశావు, మిగతా పేజీలన్నీ ఆ తీర్పుకి సాక్ష్యాలు వెతుక్కుంటూ పోయాయి. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఆట పుట్టిందే డబ్బు గొడవలో. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బులు కూర్చుని, అప్పటిదాకా రగ్బీని నడిపిన రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయి. అలా వేరుపడ్డ ఆటే రగ్బీ లీగ్. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాడు శనివారం మ్యాచ్‌కి వస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి క్లబ్ ఇస్తుందంటే పైనున్న పెద్దమనుషులు ఒప్పుకోలేదు. నువ్వు దీన్ని రెండు లైన్లలో దాటేశావు, కానీ నీ వ్యాసానికి అసలు వేరు అక్కడే ఉంది. ఆటగాడి కూలి ఎవరివ్వాలన్న తగాదాతో మొదలైన ఆట కాబట్టి, క్లబ్‌ని ఎవరు నడపాలని అడిగినప్పుడల్లా నెలాఖరున జీతాలు ఎవరిస్తారో కూడా అడగాలి.

కొత్తలో నేనూ ఒక పొరపాటు చేశాను, అది నీకు చెప్పాలి. యార్క్‌షైర్‌లో ఒక చిన్న క్లబ్‌ని ఒక వ్యాపారి కొన్నాడు. నన్ను పిలిచి, టీ ఇచ్చి, గోడకి తగిలించిన కొత్త స్టేడియం బొమ్మ చూపించాడు. నేను వ్యాసమంతా ఆ బొమ్మ గురించే రాశాను, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆటగాళ్ళకి జీతాలు ఆగిపోయాయి. వాళ్ళలో ఒక కుర్రాడు ప్లంబింగ్ పనికి పోతూ రోడ్డు మీద నన్ను చూసి వ్యాను ఆపి, "మీరు రాసింది మా అమ్మ కత్తిరించి దాచుకుంది" అన్నాడు. ఇంకేమీ అనలేదు, వెళ్ళిపోయాడు.

అది చదివి "చూశారా, నేనన్నది నిజమే" అనుకుంటావేమో. ఆగు. అదే జిల్లాలో మెంబర్లే నడుపుకునే ఇంకో క్లబ్ వార్షిక సమావేశానికి కూడా వెళ్ళాను. హాల్లో అరవై కుర్చీలు వేశారు, వచ్చింది పద్నాలుగు మంది. ట్రెజరర్ చదువుకోడానికి కళ్ళజోడు పక్కావిడ దగ్గర అడిగి తీసుకుని, జమాఖర్చులు గంటసేపు చదివాడు. ఒక పెద్దాయన లేచి విజిటర్స్ డ్రెస్సింగ్ రూమ్‌లో వేడినీళ్ళు ఎందుకు రావట్లేదని అడిగాడు. అప్పు ఎంతుందో మాత్రం ఎవరూ అడగలేదు. మన ఊళ్ళో పాల సొసైటీ మీటింగులు చూశావుగా, అంతే. సంఘం అందరిదీ, మీటింగుకి మాత్రం ఎప్పుడూ ఆ పదిమందే.

రోచ్‌డేల్ గురించి నీ వ్యాసంలో ఒక్క మాటా లేదు, అది మాత్రం వదలకు. 1844లో 28 మంది, నేతపనివాళ్ళూ ఇతర పనులవాళ్ళూ కలిసి టోడ్ లేన్‌లో సహకార దుకాణం తెరిచిన ఊరు అది. ప్రపంచంలో సహకార సంఘాలవాళ్ళంతా ఆ ఊరి పేరే చెప్పుకుంటారు. 1922లో రగ్బీ లీగ్ నాకౌట్ పోటీ ఛాలెంజ్ కప్ గెలిచిన అక్కడి హార్నెట్స్ క్లబ్ కూడా చివరికి సహకార పద్ధతిలోకే మారింది. అయినా కొన్నేళ్ళకే మళ్ళీ పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్ళింది. ఆశయం గొప్పదే, అంత మాత్రాన ఆటగాళ్ళ జీతాలకి డబ్బు సమకూరదు. ఈ సంగతి రాయడం నీకు కష్టంగా ఉంటుంది, రాయి.

ఇప్పుడు ఆస్ట్రేలియా వైపు చూడు. న్యూకాజిల్ నైట్స్ క్లబ్‌ని 2011లో మెంబర్లే ఓటేసి నేథన్ టింక్లర్ అనే బొగ్గు గనుల కోటీశ్వరుడికి అప్పగించారు. బొగ్గు ధర పడిపోయింది, ఆయన ఆస్తీ కరిగింది. 2014లో క్లబ్ ఆయన చేతుల్లోంచి జారిపోతే లీగ్ స్వయంగా నడపాల్సొచ్చింది, 2015 నుంచి వరసగా మూడేళ్ళు జట్టు అట్టడుగున నిలిచింది. కానీ అప్పగించేటప్పుడు మెంబర్లు బ్యాంకు గ్యారంటీ అడిగారు, అది తప్పితే తమకు హక్కుండేలా రాయించుకున్నారు. క్లబ్ ఆయన అప్పులతో పాటు మునగకపోవడానికి ఆ షరతే ఆధారమైంది. 2017లో స్థానిక వెస్ట్స్ గ్రూప్ దాన్ని తీసుకుంది.

సౌత్ సిడ్నీ కథ ఇంకా లోతైనది. 1908 నాటి క్లబ్. లీగ్‌లో జట్ల సంఖ్య తగ్గించాలని 1999 సీజన్ తర్వాత దాన్ని బయటికి పంపేశారు. జనం వేలకి వేలు సిడ్నీ వీధుల్లోకి వచ్చారు, కోర్టుకెళ్ళారు, 2002లో జట్టు తిరిగొచ్చింది. ఇంతవరకూ నువ్వూ రాశావు, బాగా రాశావు. కానీ నీ కథ అక్కడ ఆగిపోయింది. తిరిగొచ్చాక ఏమైంది? 2003లో, 2004లో జట్టు ఆఖరి స్థానం. 2006 మార్చిలో, క్లబ్ కోసం వీధుల్లో నడిచిన ఆ మెంబర్లే మళ్ళీ ఓటేయాల్సొచ్చింది: నటుడు రసెల్ క్రో, వ్యాపారి పీటర్ హోమ్స్ ఎ కోర్ట్ కలిసి 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకి 75 శాతం వాటా కొంటామన్నారు. ఆ తీర్మానం నెగ్గడానికి 75 శాతం ఓట్లు కావాలి, 75.8 వచ్చాయి. ఆ సున్నా పాయింట్ ఎనిమిది వెనక ఎన్ని ఇళ్ళలో అన్నదమ్ములు మాటలు మానేసి ఉంటారో ఊహించు. వీధి పోరాటంలో ముందు నడిచిన జార్జ్ పిగ్గిన్స్ ఈ అమ్మకాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన్ని తప్పుపట్టలేను. కానీ మిగిలిన 25 శాతం మెంబర్ల దగ్గరే ఉండిపోయింది, దాంతోపాటు పేరు, రంగులు లాంటివి మార్చకుండా అడ్డుకునే హక్కు కూడా. 2014లో ఆ జట్టు 43 ఏళ్ళ తర్వాత టైటిల్ గెలిచింది.

నా అభిప్రాయం అడుగుతావు కాబట్టి చెబుతున్నా. రోజువారీ పని, అంటే కాంట్రాక్టులు, టికెట్లు, సాలరీ క్యాప్ (ఆటగాళ్ళ జీతాల మొత్తం మీద లీగ్ పెట్టే పరిమితి) లెక్కలు, తెలిసిన మేనేజర్లు జీతం తీసుకుని చెయ్యాలి. డబ్బు కోటీశ్వరుడు పెట్టినా తప్పులేదు. కానీ గ్రౌండ్, పేరు, రంగులు ఆయన తాకట్టు పెట్టలేని చోట ఉండాలి, ఆ తాళం మెంబర్ల దగ్గర ఉండాలి. ఓనర్ రేపు మనసు మార్చుకుంటే ఏమవుతుందో ముందే కాగితం మీద రాసుండాలి. కెనడాలోని టొరంటో జట్టుకి అలాంటిదేమీ లేకపోయింది, ఇంగ్లండ్ పైస్థాయి పోటీ అయిన సూపర్ లీగ్‌లోకి అడుగుపెట్టిన 2020లోనే, సీజన్ సగంలో వైదొలిగింది. 2025 ఫిబ్రవరిలో అదే లీగ్‌లోని సాల్ఫర్డ్ క్లబ్‌ని చూడు. కొత్త ఓనర్లొచ్చారు కానీ డబ్బు రాలేదు, లీగ్ ఖర్చు మీద పరిమితి పెట్టింది, కుర్రాళ్ళతో సెయింట్ హెలెన్స్ జట్టు మీదికి దిగి 82-0తో ఓడారు. ఓనర్ల మాటల నష్టం ఆ పిల్లల ఒళ్ళు మీద పడింది.

ఇక నీ ఊరు. బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ 1997, 2001, 2003, 2005ల్లో సూపర్ లీగ్ ఛాంపియన్. 2012లో డబ్బుల్లేక ఓడ్సల్ గ్రౌండ్ లీజుని ఆటని నడిపే సంస్థకే అమ్మేసింది. అభిమానులు చందాలేసుకున్నారు, అయినా ఆ వేసవిలోనే దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. 2014లో మళ్ళీ, 2016లో మళ్ళీ. 2017 జనవరిలో పాత కంపెనీని మూసేశారు, కొత్త క్లబ్ శిక్షగా మైనస్ 12 పాయింట్లతో సీజన్ మొదలుపెట్టింది. నీ వ్యాసంలో ఓనర్లని వరసపెట్టి తిట్టావు, లీజు ప్రస్తావనే లేదు. నాకైతే ఆ కథంతా ఆ లీజు దగ్గరే మలుపు తిరిగిందనిపిస్తుంది. గ్రౌండ్ చేతిలో లేని క్లబ్, అద్దెకున్నవాడిలాగే, ప్రతి ఏడూ ఇంకొకరి దయ కోసం చూడాలి.

మ్యాచ్ లేని రోజు ఒకసారి ఓడ్సల్‌కి వెళ్ళు. పెద్ద గిన్నెలా లోతుగా ఉంటుంది. 1954లో డ్రా అయిన ఛాలెంజ్ కప్ ఫైనల్‌ని మళ్ళీ ఆడినప్పుడు అక్కడ 1,02,569 మంది లెక్కకొచ్చారు, గేట్లు దాటి లోపలికొచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువంటారు. పై మెట్టు మీద నుంచి కిందికి చూసి, ఆ నేల ఎవరిది, లీజు ఎవరిది, ఇంకా ఎన్నేళ్ళుంది అని రాసుకో. కౌన్సిల్లో అడుగు, కంపెనీల రిజిస్టర్‌లో జమాఖర్చులు ఎవరైనా చూడొచ్చు. తర్వాత తీర్పు వాక్యం కొట్టేసి, ఆ మెట్టు మీద నుంచి వ్యాసం మొదలుపెట్టు. ఆదివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను, ఏదైనా అర్థం కాకపోతే కాగితాలు ముందు పెట్టుకుని ఫోన్ చెయ్యి.

మీ అన్న