నీకు వచ్చింది వీసా కాదు నాన్నా

చిన్నా,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, వీసా వచ్చేసింది, ఇంక సెటిల్ అయిపోయినట్టే, ఇల్లు కూడా చూస్తున్నా" అన్నావు. నీ సంతోషం మీద నీళ్లు చల్లడమెందుకని అప్పుడేమీ అనలేదు, పైగా పక్కనుంచి మీ పెదనాన్న స్పీకర్లో కంగ్రాట్స్ అని ఒకటే అరుపులు. కానీ చెప్పాల్సింది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నీకు వచ్చింది వీసా కాదు. ఓపీటీ మీద, అంటే చదువయ్యాక పని చేసుకోనిచ్చే అనుమతి మీద, ఇక్కడ అమెరికాలోనే ఉండగా లాటరీలో పేరొచ్చి అక్టోబర్ 1 నుంచి నీ స్టేటస్ హెచ్-1బికి, అంటే కంపెనీ తరఫున పని చేసే స్టేటస్‌కి మారింది, అంతే. పాస్‌పోర్టు తెరిచి చూడు, చదువుకోడానికి వచ్చినప్పుడు వేసిన ఎఫ్-1 స్టాంపే ఉంటుంది. వీసా అంటే గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టడానికి పనికొచ్చేది. లోపలికొచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. ఈ రెండూ ఒకటే అనుకుని మేం ఒకసారి ఎలా మునగబోయామో చెబుతాను విను.

2006లో మాట. అప్పట్లో ఐ-94 అంటే చిన్న తెల్ల కార్డు, ఎయిర్‌పోర్టులో తేదీ వేసి పాస్‌పోర్టులో పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు. పెదనాన్న హెచ్-1బి అప్రూవల్ కాగితం మీద 2007 దాకా అని ఉంది. కానీ అంతకుముందు ఇండియా నుంచి తిరిగొచ్చినప్పుడు ఆయన పాస్‌పోర్టు 2006లోనే అయిపోతుందని చూసి, ఆఫీసరు కార్డు మీద ఆ తేదీ వరకే వేశాడు. మేం చూసుకోలేదు. తర్వాత పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించి, ఆ కార్డు ఊడదీసి కొత్త పాస్‌పోర్టులో మళ్లీ పిన్ను కొట్టుకున్నాం, పని అయిపోయిందనుకున్నాం. పాస్‌పోర్టు కొత్తదైతే కార్డు మీద తేదీ మారుతుందా! డ్రైవింగ్ లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్తే కౌంటర్లో అమ్మాయి కార్డు తిప్పి చూసి, "మీకింకా 11 రోజులే ఉంది కదండీ" అంది. ఆ వారం లాయర్ చుట్టూ తిరిగి ఎక్స్‌టెన్షన్ వేయించేదాకా పప్పులో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తుండేది కాదు నాకు.

నువ్వు పాస్‌పోర్టు ఇంటర్‌లో ఉండగా తీసుకున్నావు, పదేళ్లు ఎప్పటికి నిండుతాయో ఇవాళే చూడు. అక్క పెళ్లికి ఇండియా వెళ్తే హెచ్-1బి వీసా స్టాంపింగ్ చేయించుకోకుండా తిరిగి రాలేవు, కాబట్టి హైదరాబాద్‌లో కాన్సులేట్ ఇంటర్వ్యూ స్లాటు చేతిలో పడ్డాకే టికెట్టు. తిరిగొచ్చిన రోజే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వాళ్ల సైటులో ఐ-94 తీసి తేదీ చూసుకో, అప్రూవల్ కాగితం కంటే ముందుంటే వెంటనే మీ కంపెనీ లాయర్‌కి చెప్పు.

ఇక హెచ్-1బికీ, ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డ్‌కీ అసలు తేడా. హెచ్-1బి నీది కాదు, నీ పేరు మీదున్న కంపెనీ కాగితం. మూడేళ్లు, ఆపైన ఇంకో మూడేళ్లు, మొత్తం ఆరు. ఉద్యోగం పోతే 60 రోజులు, ఐ-94 అంతకుముందే అయిపోతే ఆ 60 కూడా లేవు. ఆ లోపల ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి అప్లై చేసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. నీ రూమ్మేటు వీకెండ్లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడన్నావు చూడు, హెచ్-1బి మీద అది స్టేటస్ తప్పినట్టే, చిల్లర డబ్బులకి ఆశపడొద్దని వాడికీ చెప్పు. గ్రీన్ కార్డ్ ఉన్నవాడికి ఈ గొడవ లేదు. ఉద్యోగం పోతే బాధపడతాడు, మర్నాడు పచ్చళ్ల వ్యాపారం పెట్టుకున్నా అడిగేవాడు లేడు.

నేను ఎమ్మెస్సీ చదివి హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వాడి పెళ్లాం హోదాలో, ఆరేళ్లు ఇంట్లో కూర్చున్నాను. అప్పట్లో హెచ్-4 వాళ్లకి పని పర్మిట్ లేదు, అది వచ్చింది 2015లో, అదీ చాలావరకు మొగుడి ఐ-140, అంటే గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయితేనే. 2007 జూలైలో గ్రీన్ కార్డ్ వరసలో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్లు దాదాపు అందరివీ ఒక్కసారిగా కరెంట్ అయ్యాయి, అంటే అప్లికేషన్ వేసే వంతు వచ్చింది, 2వ తేదీన లేదు పొమ్మన్నారు, 17న మళ్లీ తెరిచి ఆగస్టు 17 దాకా టైమిచ్చారు. మెడికల్ టెస్టులకి డాక్టర్ల దగ్గర మనవాళ్లే క్యూలు, ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని పెళ్లి పందిట్లో కలిసినట్టు పలకరించుకున్నాం. అలా గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశాక వచ్చిన పని పర్మిట్ మీదే నా మొదటి ఉద్యోగం. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేసరికి 2011.

మీ రోజుల్లో అంత తొందరగా అవ్వదు. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 గ్రీన్ కార్డులు, అందులో ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతమని పరిమితి, అంటే భూటాన్‌కెంతో మనకీ అంతే. పౌరసత్వం కాదు, పుట్టిన దేశం చూస్తారు. పెళ్లాం కువైట్‌లోనో దుబాయ్‌లోనో పుట్టి ఉంటే ఆవిడ వరసలో నువ్వూ నిలబడొచ్చు. సంబంధాలు చూసేటప్పుడు జాతకంతో పాటు పుట్టిన ఊరు కూడా అడగమని మీ అమ్మతో అన్నాను, నవ్వకు, నిజంగానే అన్నాను.

అందుకే మొదటి ఏడాదిలోనే పర్మ్, అంటే ఈ పనికి ఇక్కడివాళ్లు దొరకలేదని కంపెనీ చూపించే గ్రీన్ కార్డ్ మొదటి మెట్టు, ఎప్పుడు మొదలుపెడతారని హెచ్ఆర్‌ని అడుగు, మొహమాటపడకు. పర్మ్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, నీ జీతంలో కోస్తామంటే అది రూలుకి విరుద్ధం. నాకు తెలిసిన పిల్లాడి దగ్గర ఒక కన్సల్టెన్సీ అలాగే డబ్బు లాగింది. ఐ-140 అప్రూవ్ అయ్యాక కాపీ అడిగి దగ్గర పెట్టుకో. తర్వాత కంపెనీ మారితే కొత్తవాళ్లు పర్మ్ మళ్లీ చేయాల్సిందే, కానీ పాత ప్రయారిటీ డేట్ నీ వెంటే వస్తుంది. ఆరేళ్లు దాటాక మూడేసి ఏళ్ల ఎక్స్‌టెన్షన్లు కూడా ఆ ఐ-140 మీదే.

గ్రీన్ కార్డ్ వచ్చేస్తే ఇంక ఎవరూ కదపలేరనీ అనుకోకు. దాని అసలు పేరు పర్మనెంట్ రెసిడెంట్ కార్డ్, పేరులోనే ఉంది, ఇక్కడ నివాసం ఉండాలని. మా వీధిలో ఒకాయన అమ్మానాన్నలకి చేయించాడు. వాళ్లు విజయవాడలో 14 నెలలుండి తాపీగా వస్తే ఎయిర్‌పోర్టులో పక్క గదిలో మూడు గంటలు కూర్చోబెట్టారు. కార్డు వదులుకుంటున్నామని సంతకం పెట్టమన్నారట. పెద్దాయన పెట్టలేదు, మంచి పని చేశాడు, ఎందుకంటే సంతకం పెట్టకపోతే జడ్జి ముందు వాదించుకునే హక్కుంటుంది. ఏడాది పైన బయట ఉండాల్సొస్తే వెళ్లకముందే ఇక్కడ రీ-ఎంట్రీ పర్మిట్‌కి అప్లై చేయాలి. ఇంకోటి, కార్డు మీది పదేళ్ల గడువు కార్డుకే, స్టేటస్‌కి కాదు, రెన్యూవల్ ఆలస్యమైతే గుండె పట్టుకోనక్కర్లేదు. ఓటు మాత్రం సిటిజన్ అయ్యాకే, లైసెన్సు ఆఫీసులో ఫారం చేతిలో పెట్టి ఓటరుగా రిజిస్టర్ చేస్తామన్నా టిక్కు పెట్టకు.

ఇల్లంటావా, హెచ్-1బి మీద కొనకూడదని రూలేమీ లేదు. మేం కొనలేదు, ఆ 11 రోజుల భయం అలాంటిది. 60 రోజుల్లో అమ్మాల్సొస్తే ఎంత నష్టపోతావో లెక్క వేసి, ఆ నష్టం తట్టుకోగలననుకుంటే కొనుక్కో, గృహప్రవేశానికి పాలు నేనే పొంగిస్తా.

ముందైతే నీ అప్రూవల్ కాగితం అడుగున ఐ-94 ఉంటుంది, దాని మీద తేదీ, పాస్‌పోర్టు మీద తేదీ, రెండూ ఫోటో తీసి రాత్రికల్లా నాకు వాట్సాప్ చెయ్.

పెద్దమ్మ